ఉసిరికాయకు వయోపరిమితి

తమిళనాడులోని ధర్మపురికి పాత పేరు తగడూరు. సంగం కాలంలో, ఇప్పటికి దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట, దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజికి ఒక ఉసిరికాయ దొరికిందట. కొండ చరియల్లో ఎక్కడో కాసే అరుదైన కాయ. తిన్నవాళ్ళకు దీర్ఘాయువు. రాజు దాన్ని నోట్లో వేసుకోలేదు, కొడుక్కి దాచిపెట్టలేదు. అవ్వైయార్ అనే కవయిత్రిని పిలిచి, మహిమ సంగతి దాచి, తినమని ఇచ్చాడు. ముందే చెబితే ఆవిడ తిరిగి తన చేతిలోనే పెట్టేస్తుందని అనుకున్నాడు కాబోలు. ఆ సంగతి ఆవిడే పద్యం కట్టి చెప్పుకుంది. పురనానూరులో ఉంది.

రాజు చేసిన లెక్క తేలికైనది. కత్తి తిప్పేవాడి పదును కొన్నేళ్ళే. మాట కట్టేవాళ్ళకు పదును ఏటేటా పెరుగుతుంది. కనుక మిగులు ఏళ్ళు మాటకు ఇవ్వాలి. లెక్క తప్పలేదని ఆవిడ కాంచీపురంలో రుజువు చేసింది. అదియమాన్ తరఫున రాయబారం వెళితే అక్కడి రాజు తొండైమాన్ తన ఆయుధశాల చూపించి మీసం మెలేశాడు. ఆవిడ అన్నీ చూసి, మీ ఆయుధాలు నెయ్యి పూసుకుని, నెమలి పింఛాలు కట్టుకుని చక్కగా ఇంట్లో కూర్చున్నాయి, మా రాజువి మాత్రం మొన విరిగి కమ్మరి కొలిమిలో పడి ఉన్నాయి అన్న అర్థంలో పద్యం చెప్పింది. పొగిడినట్టే పొగిడి పరువు తీయడమంటే అది.

ఇప్పుడు అదే కాయ మళ్ళీ దొరికిందనుకుందాం. పెన్నాగరం అవతల, హొగెనక్కల్ కొండల్లో, ఏ మేకల కాపరికో కనపడింది. ఆ తరువాత ఏం జరుగుతుంది?

ముందు అటవీశాఖ వాళ్ళు కాయను, కాపరిని, మేకలను కలిపి స్వాధీనం చేసుకుంటారు. కాయ ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురు సభ్యులతో కమిటీ పడుతుంది. ఏడుగురూ రిటైరైన పెద్దలే. రిటైరైనవాళ్ళకే తీరిక ఉంటుంది, తీరిక ఉన్నవాళ్ళకే మళ్ళీ కారు, బంగళా, బంట్రోతు కావాలి. అధ్యక్షుడికి ఇప్పటికి మూడు పొడిగింపులు అయ్యాయి. ఆయన మొదటి సంతకం నోటిఫికేషన్ మీద: "అభ్యర్థి వయసు 32 మించరాదు. సంబంధిత రంగంలో 25 ఏళ్ళ అనుభవం తప్పనిసరి. పుట్టిన తేదీకి రుజువుగా పదో తరగతి సర్టిఫికెట్ జతచేయవలెను."

ఆ సర్టిఫికెట్ మీది తేదీ సంగతి వేరే చెప్పాలా? వెనకటి తరంలో చాలామందిని కన్నది తల్లే అయినా, పుట్టిన తేదీ ఇచ్చింది మాత్రం బళ్ళో చేర్చుకున్న హెడ్మాస్టరు. పిల్లవాడి చెయ్యి నెత్తిమీదుగా చెవికి అందిందా లేదా చూసి, జులై ఒకటి అని రాసేసేవాడు. అరవై ఏళ్ళ తరువాత మనిషి బుర్ర పనిచేస్తోందో లేదో ప్రభుత్వం తేల్చుకునేది ఆ చేతి కొలత మీదనే.

సరే, అభ్యర్థులను పిలవండి.

మొదట చదరంగం వాళ్ళు. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. వయసు 18. అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకుని, "వీడికి అప్పుడే ఆయువెందుకు? ముందు డిగ్రీ పూర్తి చెయ్యమనండి" అన్నారు. తరువాత కోనేరు హంపి. 2002లో 15 ఏళ్ళకు గ్రాండ్‌మాస్టర్. 2019లో 32 ఏళ్ళకు ప్రపంచ రాపిడ్ విజేత. మళ్ళీ 2024 డిసెంబరులో, 37 ఏళ్ళకు, అదే కిరీటం. 2025లో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ఎదురుగా కూర్చున్నది 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్. సగం వయసు పిల్లతో టైబ్రేక్ దాకా పోరాడి హంపి ఓడింది. అధ్యక్షులవారికి ఇందులో కనిపించింది ఒక్కటే: "పెళ్ళయింది, పాప ఉంది, ఇంకా ఆటేమిటమ్మా?" ఈ ప్రశ్న మాగ్నస్ కార్ల్‌సన్‌ను ఎవరూ అడగరు. ఆయనకూ పెళ్ళయింది.

పైగా చదరంగంలో వయసు లెక్క కమిటీకి తెలియనిదేమీ కాదు, తెలుసుకోవాలని లేదంతే. నూరేళ్ళకు పైబడిన ప్రపంచ పోటీల ఎత్తులను కంప్యూటరుతో సరిచూసిన పరిశోధకులు చెప్పింది ఇది: ఆట ఇరవై దాకా గబగబా పెరుగుతుంది, ముప్ఫై అయిదు ప్రాంతాన శిఖరం చేరుతుంది, నలభై అయిదు దాటాక మెల్లగా దిగుతుంది. అంటే హంపిని ఇంట్లో కూర్చోమన్న వయసు ఆట పండే వయసన్నమాట.

అసలు బుర్రంతా ఒకే బస్సెక్కి ఒకే స్టాపులో దిగదు. 2015లో జాషువా హార్ట్‌షోర్న్, లారా జెర్మైన్ అనే ఇద్దరు పరిశోధకులు వేలాదిమందిని పరీక్షించి, ఏ తెలివి ఎప్పుడు పండుతుందో ఒక వరసలో పెట్టారు. చురుగ్గా లెక్క పట్టే వేగం పద్దెనిమిది, పంతొమ్మిదికే శిఖరం. చెప్పిన అంకెలను అప్పటికప్పుడు గుర్తుంచుకునే శక్తి పాతికేళ్ళ దగ్గర పెరగడం ఆగి, ముప్ఫై అయిదు దాకా నిలకడగా ఉండి, ఆ తరువాత తగ్గుతుంది. ఎదుటివాడి మొహం చూసి లోపలి మాట పట్టే నేర్పు నలభైల్లో, యాభైల్లో. మాటల సంపద అరవైల్లో, కొందరికి డెబ్బై దగ్గర. ఇంకా నయం, అదియమాన్‌కు ఆ పరిశోధన చదివే అవకాశం లేదు. చదవకుండానే కాయను సరైన చేతిలో పెట్టాడు.

తరువాత కాగితాలు సి. ఆర్. రావుగారివి. మన తెలుగువాడు, 1920లో కర్ణాటకలోని హడగలిలో పుట్టాడు. పాతికేళ్ళ వయసులో, 1945లో, ఆయన రాసిన పరిశోధన పత్రం గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పింది. క్రామెర్-రావు హద్దు అనేది ఇవాళ ప్రతి గణాంక విద్యార్థీ చదివే పాఠం. అరవై చేరువలో ఆయన అమెరికా వెళ్ళి, పిట్స్‌బర్గ్‌లో, పెన్సిల్వేనియా స్టేట్‌లో దశాబ్దాలపాటు పాఠాలు చెబుతూ, పుస్తకాలు రాస్తూ పనిచేశాడు. మన దేశంలో ఆ వయసువాళ్ళకు వెండి పళ్ళెం, శాలువా ఇచ్చి ఫొటో తీసి పంపిస్తారు. గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు 2023లో ప్రకటించారు, 102 ఏళ్ళ వయసులో. పని చేసిన 78 ఏళ్ళకు ప్రతిఫలం. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. ప్రతిభ పాతికకు పండినా, గుర్తింపు పండడానికి మాత్రం నూరేళ్ళు పైగా బతికి చూపాలి. ఆ ఉసిరికాయ ఏదో ఆయన ముందే తిన్నట్టున్నాడని అధ్యక్షులవారు దరఖాస్తు పక్కన పెట్టారు.

ఇక ప్రభుత్వోద్యోగి. ఇతగాడి బుర్ర ఎప్పుడు వాడిపోతుందన్నది వైద్యులకు సంబంధించిన విషయమని మీరనుకుంటున్నారా? అది ఆర్థిక శాఖ చూసుకుంటుంది. తమిళనాడులో ఉద్యోగి 2020 దాకా 58కి వాడిపోయేవాడు. ఆ ఏడాది కరోనా వచ్చి ఖజానా ఖాళీ అయ్యేసరికి, రిటైరయ్యేవాళ్ళకు ఇవ్వాల్సిన డబ్బు కళ్ళముందు మెదిలి, 59 దాకా పచ్చగా ఉంటాడని ప్రభుత్వం కనిపెట్టింది. 2021లో 60 అంది. తెలంగాణలో అదే ఏడాది 58 నుంచి 61 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62. ధర్మపురిలో బస్సెక్కి కృష్ణగిరి మీదుగా కుప్పం చేరితే గుమాస్తా బుర్రకు రెండేళ్ళు అదనంగా కలిసొస్తాయి. ఆ గాలిలో ఏముందో మరి. కుప్పంలో పనికొచ్చే 61 ఏళ్ళ గుమాస్తా ధర్మపురిలో ముసలాడు.

గుమాస్తాల్లోనే కాదు, నల్లకోటుల్లోనూ ఈ మహిమ ఉంది. హైకోర్టు జడ్జి బుర్ర 62కి ఆగిపోతుంది. ఆయన్నే సుప్రీంకోర్టుకు పంపితే 65 దాకా నడుస్తుంది. ఢిల్లీ నీళ్ళ గొప్పదనం.

ఈ విద్యలో మన తెలుగువాళ్ళు ఎవరికీ తీసిపోరు. 1983 జనవరి 9న ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. వయసు 59. పార్టీ పెట్టినప్పుడు 58. కుర్చీలో కూర్చున్న నెలకే ఆయన ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించింది. కుర్రాళ్ళకు ఉద్యోగాలు రావాలన్నది చెప్పిన కారణం. 55 నిండినవాళ్ళందరినీ ఆ ఫిబ్రవరి ఆఖరుకే ఇంటికి పంపారు. రాత్రికి రాత్రి వేలమంది ముసలివాళ్ళయిపోయారు, వాళ్ళను ముసలివాళ్ళని చేసిన సంతకం వాళ్ళకన్నా నాలుగేళ్ళ దాకా పెద్దాయనది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అది ప్రభుత్వ విధానమని కోర్టు సమర్థించింది. ఆ తీర్పు వచ్చే ముందే, 1984లో, వయసు మళ్ళీ 58 అయింది. మధ్యలో ఇంటికెళ్ళినవాళ్ళు మళ్ళీ కోర్టు మెట్లెక్కారు.

ఆయన తప్పేమీ లేదు పాపం. వయసంటే మేకప్ అన్న సంగతి ఆయనకు ముప్ఫై ఏళ్ళ అనుభవం నేర్పింది. 1972లో వచ్చిన "బడి పంతులు"లో ఆయన రిటైరైన పంతులు. బిడ్డలు చెరొకరు తల్లినీ తండ్రినీ పంచుకున్న కథ. ఆ సినిమాలో రిటైరైనవాడి బాధ చూసి కన్నీళ్ళు పెట్టుకోని తెలుగు ఇల్లు లేదు. అందులో మనవరాలిగా నటించిన తొమ్మిదేళ్ళ పిల్ల శ్రీదేవి. ఏడేళ్ళు తిరిగాక, 1979లో, "వేటగాడు"లో అదే మనవరాలు ఆయన కథానాయిక. ఆయనకు 56. ఆ పిల్లకు ఇంకా పదహారు నిండలేదు. ఆ ఏడేళ్ళలో తాత కుర్రాడయ్యాడు, జనం ఈలలు వేశారు. సరిగ్గా ఆ వయసు దగ్గరే గుమాస్తాకు ఫైలు చూసే ఓపిక ఉండదని తరువాత ప్రభుత్వం తేల్చింది. యాభై ఆరేళ్ళకు పూలతోటలో పాటకు చిందేయొచ్చు, తాలూకాఫీసులో అడంగల్ రాయకూడదు.

కథానాయకుల దరఖాస్తులు కమిటీ చూడకుండానే ఆమోదించింది. వాళ్ళకు కాయ అక్కర్లేదు, అభిమానులున్నారు. కథానాయికల దరఖాస్తులు కూడా చూడలేదు. ముప్ఫై దాటినవి అక్క పాత్రల దస్త్రంలోకి, నలభై దాటినవి అమ్మ పాత్రల దస్త్రంలోకి వెళ్ళాయి. హీరో తల్లి హీరో కన్నా చిన్నది కావడం మన సినిమాలకే చెల్లిన వైద్యశాస్త్ర అద్భుతం.

ఇక్కడ అవ్వైయార్ గొడవ ఒకటి ఉంది. పురనానూరులో ఒక పద్యం కాటుక కళ్ళు, మెరిసే నుదురు ఉన్న పాటకత్తెను సంబోధిస్తుంది. అది ఆవిడేనని కొందరు పండితులంటారు. అంటే అదియమాన్ ఆస్థానంలో ఆవిడ ముసలమ్మే అయి ఉండనక్కరలేదు. తరువాతి కాలంలో అదే పేరుతో మరికొందరు కవయిత్రులు వచ్చారు, అందరూ కలిసి ఒక్క ముసలమ్మ అయిపోయారు. జనం చెప్పుకునే కథ ఇంకా రుచిగా ఉంటుంది: పెళ్ళి తప్పించుకోవడానికి ఆ పిల్ల వినాయకుణ్ణి వేడుకుని తన యవ్వనాన్ని ఇచ్చేసి ముసలిదైపోయిందట. 1953లో జెమినీ వాసన్ తీసిన "అవ్వైయార్"లో కె. బి. సుందరాంబాళ్ చేతికర్రతో, విభూతితో ఆ రూపాన్ని ఖాయం చేసేసింది. ఆడది నోరు తెరిచి రాజులకు బుద్ధి చెప్పాలంటే ముందు నెత్తి నెరవాలన్నమాట. మగవాడికి పెద్దరికం కావాలంటే రంగు వేసుకుంటే చాలు.

రంగు అంటే గుర్తొచ్చింది. ధర్మపురి నుంచి బెంగళూరుకు కట్టడం పనికి, తిరుప్పూరుకు బనియన్ కంపెనీలకు వలసపోయే మనుషులను చూడండి. తెల్లవారుజామున బస్సు దగ్గర మేస్త్రీ మనిషిని ఎంచుకునే తీరు చూడండి. పేరు అడగడు. ముందు తల చూస్తాడు, తరువాత భుజాలు, ఆ తరువాత మోకాళ్ళు. చెవుల పక్కన తెల్ల వెంట్రుక కనిపిస్తే పక్కనున్నవాడి వైపు తిరుగుతాడు. నలభై అయిదేళ్ళవాడు ముందురాత్రే రంగు పొట్లం కలుపుకుని, టూత్‌బ్రష్‌తో చెవుల వెనక దాకా పట్టించుకుని వస్తాడు. ఎనిమిదో అంతస్తుకు ఇటుకలు మోయడానికి తాను ఇంకా కుర్రాడినేనని నమ్మించాలి. అదే పొట్లాన్ని నగరంలో డెబ్బై అయిదేళ్ళ నాయకుడూ కొంటాడు. మైకు ముందు నిలబడి యువతకు పిలుపునివ్వాలి కదా. మొదటివాడి రంగు చెమటకు కారి మధ్యాహ్నానికి బయటపడుతుంది. రెండోవాడిది ఏసీలో అయిదేళ్ళు చెక్కుచెదరదు.

ఈ కూలివాడికి అరవై దాటితే ప్రభుత్వం ఏం కడుతుంది? వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. ఎనభై దాటాడా, 500. తమిళనాడు తన డబ్బు కలిపి 2023లో దాన్ని 1,200 చేసింది. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి 4,000 ఇస్తోంది. మళ్ళీ అదే సరిహద్దు, అదే బస్సు. కుప్పంలో ముసలితనం ధర ధర్మపురిలో కన్నా మూడింతలకు పైమాటే. గుమాస్తాను రెండేళ్ళు ఎక్కువ కుర్రాడిగా చూసే రాష్ట్రమే కూలివాడి ముసలితనానికి ఎక్కువ విలువ కట్టింది. ఎన్నికలు ఏటా వస్తే మనుషులకు అసలు ముసలితనమే రాదేమో.

అలాగని వయసు మీరితే కూలివాడు పనికిరాడనుకోవడం మేస్త్రీ లెక్క. హొగెనక్కల్‌లో కావేరి మీద పరిసల్ నడిపేవాళ్ళను చూడండి. మనం పుట్టి అంటాం, వెదురు తట్టకు కింద తారు పూసిన బుట్ట పడవ. కుర్రవాడు నడిమధ్యన దాన్ని గిరగిరా తిప్పి, పర్యాటకులు కేకలు పెడితే నవ్వుతాడు. నెత్తి నెరిసినవాడు తిప్పడు. తెడ్డు నీళ్ళలో పెట్టి కాసేపు ఊరకే ఉంటాడు. నీటి పైపొర ఎక్కడ నున్నగా మెరుస్తోందో, ఎక్కడ మడత పడుతోందో చూస్తాడు. మడత కింద రాయి ఉంది. ఒక్క తెడ్డుపోటుతో పక్కకు తప్పించి గట్టు పట్టిస్తాడు. భుజబలం అతనికి తగ్గింది, దాని అవసరం కూడా తగ్గింది. దరఖాస్తులో ఈ తెలివికి గడి లేదు కాబట్టి కమిటీ "చదువు: నిల్" అని రాసుకుని పంపేసింది.

వైద్యులు వచ్చేసరికి కమిటీకి కాస్త గౌరవం కలిగింది, సభ్యులందరికీ బీపీ ఉంది కనుక. అమెరికాలో ఆసుపత్రుల్లో చేరిన లక్షలాది వృద్ధ రోగుల రికార్డులు తిరగేసి 2017లో ఒక బృందం తేల్చింది: అరవై దాటిన వైద్యుల దగ్గర చేరిన రోగుల్లో మరణాలు కొంచెం ఎక్కువ. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. రోజూ చాలామందిని చూసే పెద్ద డాక్టర్ల దగ్గర ఆ తేడా కనపడలేదు. మరుసటి ఏడాది అదే బృందం సర్జన్లను చూస్తే తిరగబడింది, వయసు పెరిగినకొద్దీ వాళ్ళ రోగుల్లో మరణాలు తగ్గాయి. పని వదలనివాడిని వయసు అంత తేలిగ్గా పట్టుకోలేదు. ఈ ఒక్క వాక్యాన్ని అధ్యక్షులవారు తన నాలుగో పొడిగింపుకు పనికొస్తుందని విడిగా రాసుకున్నారు.

కంప్యూటరు కంపెనీలవాళ్ళూ వచ్చారు. ముప్ఫైకి టీం లీడరు, నలభైకి మేనేజరు, నలభై అయిదుకు ఈమెయిల్‌లో వీడ్కోలు. కుర్రతనమే మూలధనమని నమ్మే ఆ పరిశ్రమ పుట్టిన అమెరికాలోనే, కొత్త కంపెనీలు పెట్టిన లక్షలాదిమంది వయసు లెక్కగట్టారు. సగటున పెట్టినవాడికి 42. అందరికన్నా వేగంగా ఎదిగిన కంపెనీలు పెట్టినవాళ్ళకు 45. అంటే మన దగ్గర ఈమెయిల్ అందుకునే వయసు అక్కడ జెండా ఎగరేసే వయసు.

చివరికి నాయకుడు వచ్చాడు. దరఖాస్తు లేదు, సర్టిఫికెట్ లేదు. కమిటీ లేచి నిలబడింది.

ఇది ధర్మపురి నేల కాబట్టి ఇక్కడి లెక్కలే చూద్దాం. 1792లో కెప్టెన్ రీడ్ కింద ఈ ప్రాంతానికి, అంటే అప్పటి బారామహల్‌కు, వచ్చినప్పుడు థామస్ మన్రోకు దాదాపు 31 ఏళ్ళు. ధర్మపురిలో మకాం పెట్టి, ఏడేళ్ళపాటు పొలాల గట్ల వెంట తిరిగి, రైతుల లెక్కలు రాసి, రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. గవర్నరు అయ్యేసరికి 59. అప్పుడు కూడా పర్యటనలు మానలేదు. 1827లో మన రాయలసీమలో, పత్తికొండ దగ్గర, కలరా పట్టుకుని పోయాడు. కాళ్ళున్న వయసులో పొలం, మాట పండిన వయసులో కుర్చీ. పరాయివాడైనా క్రమం తప్పలేదు.

ఇక్కడికి దగ్గరలోని పాప్పారపట్టిలో స్వాతంత్ర్య యోధుడు సుబ్రమణ్య శివ సమాధి ఉంది. 1908లో జైలుకు పంపితే అక్కడ కుష్ఠు అంటుకుంది. ఆ రోగం పేరు చెప్పి రైలెక్కనివ్వకపోతే కాలినడకన ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. 1925లో పోయాడు, 40 ఏళ్ళకు. దేశం కోసం అరిగిపోయినవాడికి కాయ అందలేదు.

పక్క జిల్లాలోని తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ సంగతి వేరు. 69 ఏళ్ళకు గవర్నర్ జనరల్, 73కి మద్రాసు ముఖ్యమంత్రి, 80 ఏళ్ళకు స్వతంత్ర పార్టీ. దానికి మన ఆచార్య రంగాగారు అధ్యక్షుడు. ఆయనా తక్కువవాడు కాదు, 1930లో చట్టసభలో అడుగుపెట్టి తొంభై ఏళ్ళు వచ్చేదాకా పార్లమెంటులో ఉన్నాడు. ముసలివాళ్ళందరూ పనికిరారని ఎవరూ అనలేరు, రాజాజీ రాసే వాక్యం ఎనభైలోనూ తెగేది. కానీ అదే రాజాజీ 1953లో బడి పిల్లలు సగం పూట ఇంటి దగ్గర కులవృత్తి నేర్చుకోవాలన్న అర్థం వచ్చే పథకం తెచ్చి, జనం తిరగబడితే మరుసటి ఏడాది దిగిపోయాడు. మాటలు పండినంత మాత్రాన నిర్ణయాలు పండవు. ఆయన తరువాత వచ్చిన కామరాజ్‌కు అప్పుడు 50. పథకం తీసిపారేసి బళ్ళు తెరిచాడు. 1963లో, పదవులు వదిలి పార్టీ పనికి రండని పెద్దలకు చెప్పి, తానే ముందుగా అక్టోబరు 2న రాజీనామా చేశాడు. వయసు 60. గుమాస్తాకు చట్టం పెట్టిన గడువును తనకు తానే పెట్టుకున్న ముఖ్యమంత్రి మరొకరు ఎవరైనా తోస్తే చెప్పండి.

ఆయన పోయాక ఆ సంప్రదాయమూ పోయింది. ఓడిన పెద్దలకు రాజ్యసభ, అలిగిన పెద్దలకు కార్పొరేషన్, నడవలేని పెద్దలకు రాజ్‌భవన్. జనరల్ కోటాలో కలెక్టరు పరీక్ష రాయాలంటే 32 దాటకూడదు. ఆ కలెక్టరును నిలబెట్టి మాట్లాడే మంత్రికి 92 అయినా అడిగేవాడు లేడు. పైలట్‌కు కళ్ళు పరీక్షిస్తారు, బస్సు డ్రైవరుకు పరీక్షిస్తారు. దేశం నడిపేవాడికి పక్కనున్నవాడు చెవిలో పేరు చెబితే చాలు, ఎదుటివాణ్ణి గుర్తుపట్టినట్టే.

కాయ ఎవరి నోట్లో పడిందో మీకు చెప్పాలా? "ప్రజాసేవ నిమిత్తం" అని కమిటీ తీర్మానం రాసింది. గింజ మాత్రం వారి అబ్బాయికి దాచారు.

నవ్వుకున్నారు కదా, ఇక అసలు మాట. వయసు అన్నిటికీ ఒకటే గడియారం కాదని ఆటస్థలం, పరిశోధనశాల, ఆపరేషన్ గది, కావేరి నది, అన్నీ చెబుతున్నాయి. కాళ్ళ పనికి పాతిక, ఎత్తులకు ముప్ఫై అయిదు, మనుషుల్ని చదవడానికి యాభై, మాటకు అరవై. మన చట్టాలు మాత్రం ఎవరికి ప్రశ్నించే గొంతు లేదో వాళ్ళకే గీతలు గీశాయి. గుమాస్తాకు ఉంది, జడ్జికి ఉంది, పైలట్‌కు ఉంది, ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి ఉంది. లోక్‌సభకు పోటీ చేయడానికి 25 నిండాలని రాజ్యాంగం రాసింది. ఎప్పుడు దిగాలో రాయలేదు. రాయాల్సినవాళ్ళు లోపల కూర్చున్నవాళ్ళే కాబట్టి ఇప్పట్లో రాయరు కూడా.

కనుక పని మనదే. ఈసారి ఓటు అడగడానికి ఏ పెద్దాయనో గుమ్మంలోకి వస్తే వయసు అడగకండి, మర్యాద కాదు. మీ తరువాత ఎవరు అని అడగండి. పేరు చెప్పేదాకా కదలనివ్వకండి. కొడుకు పేరు, కూతురి పేరు, అల్లుడి పేరు లెక్కలోకి రావు. నాలుగో పేరు తెలిసినవాడైతే, తొంభై ఏళ్ళున్నా ఓటు వేయండి.